లాబ్రడార్ ఉన్న ఇల్లు: స్నానం చేయించిన మూడో రోజుకే వాసన, ఎంత ఊడ్చినా బొచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్లముక్కు (ప్రశ్న):

నమస్కారమండీ. మావాడు మూడేళ్ళ లాబ్రడార్, 32 కిలోలు, పూర్తిగా ఇంట్లోనే ఉంటాడు. రెండు ఇబ్బందులు. వారం వారం స్నానం చేయిస్తున్నా మూడో రోజుకల్లా తలుపు తీయగానే వాసన గుప్పుమంటోంది. రెండోది బొచ్చు. పొద్దునా సాయంత్రం ఊడ్చినా గంటలో మళ్ళీ గోడ మూలల్లో ఉండలు కడుతోంది.

ఇప్పుడు చేస్తున్నవి ఇవి: స్నానానికి పసిపిల్లల షాంపూ, నేలకు ఫినాయిల్, సోఫా మీద రూమ్ స్ప్రే, వారానికోసారి మామూలు బ్రష్‌తో దువ్వడం. వాడి పరుపును నెలకోసారి ఎండలో వేస్తాం. కుక్కపిల్లగా ఉన్నప్పుడు సోఫా కాలు దగ్గర ఉచ్చ పోసేవాడు. అది మానేసి చాలాకాలమైంది, కానీ వాన పడ్డ రోజున అక్కడే వాసన ఎక్కువ.

బొచ్చంతా మిషన్‌తో పొట్టిగా తీయించేస్తే రెండూ తగ్గుతాయా? ఏది ముందు, ఏది తర్వాత చేయాలో తెలిసినవాళ్ళు చెప్పగలరు.

చెవి_పంజా:

మిషన్ మాట తర్వాత. ముందు వాసన ఊట ఎక్కడుందో పట్టుకోండి. ఆరోగ్యంగా ఉన్న కుక్క, ఒళ్ళు పొడిగా ఉన్నంతసేపు గదంతా కంపు కొట్టదండీ. బొచ్చులో ముక్కు పెడితే కాస్త నూనె వాసన వస్తుంది, అంతే. స్నానం చేసిన మూడో రోజుకే గుప్పుమంటోందంటే ఒంటి మీద ఏదో ఒకచోట, లేదా ఇంట్లో ఏదో ఒక వస్తువులో అది తయారవుతూనే ఉందన్నమాట. స్నానాలు పెంచితే అది పోదు.

స్నానమైన రెండో రోజు వాణ్ణి పక్కకు పడుకోబెట్టి, మూతి నుంచి తోక దాకా ఒక్కోచోట విడిగా వాసన చూడండి.

చెవులు. లాబ్రడార్‌కి చెవి రెక్క వేలాడుతూ మూతలా ఉంటుంది, లోపల తడి ఆరదు. గోధుమరంగు జిగట గులిమి, పులిసిన వాసన ఉంటే ఈస్ట్ అనే శిలీంధ్రం పెరిగిందని అనుమానించాలి. పసుపు చీము, ఘాటైన కంపు ఉంటే బ్యాక్టీరియా. ఈ రెంటిలో ఏది కనిపించినా, చెవి ఎర్రబడినా, ముట్టుకుంటే మూలిగినా ఇంట్లో ఏదీ పోయకండి, డాక్టరు చూడాలి. లోపల కర్ణభేరికి చిల్లు పడి ఉంటే కొన్ని మందులు వినికిడికే చేటు చేస్తాయి. చెవి బాగున్నప్పుడు మాత్రం రెండు వారాలకోసారి, స్నానం చేసిన ప్రతిసారీ శుభ్రం చేయండి. కుక్కల ఇయర్ క్లీనర్‌తో చెవి గొట్టం నింపి, చెవి మొదట్లో వేళ్ళతో 20 నుంచి 30 సెకన్లు పిసకాలి. లోపల గుజగుజమని చప్పుడు వినిపిస్తుంది. వదిలేస్తే వాడే తల విదిలిస్తాడు. పైకి వచ్చిన మురికిని దూదితో తుడిస్తే చాలు. ఇయర్ బడ్స్ వద్దు. కుక్క చెవి గొట్టం నిలువుగా దిగి, అక్కడ అడ్డంగా తిరుగుతుంది. బడ్ పెడితే గులిమి ఆ మలుపులోకి ఇంకా గట్టిగా దిగబడుతుంది.

నోరు. పంటి మొదట్లో గోధుమరంగు గార, ఎర్రటి చిగురు ఉంటే వాసన నోటిదే. ఆ నోటితోనే ఒళ్ళంతా నాక్కుంటాడు కాబట్టి బొచ్చుకూ పరుపుకూ అదే అంటుతుంది. రోజూ కుక్కల టూత్‌పేస్ట్‌తో తోమాలి. మనుషుల పేస్ట్ వాడొద్దు, కొన్నిటిలో ఉండే జైలిటాల్ కుక్కలకు విషం. గార గట్టిపడ్డాక తోమితే పోదు, మత్తు ఇచ్చి డాక్టరే తీయాలి.

మెడ పట్టీ. దీన్ని అందరూ మర్చిపోతారు. గుడ్డ పట్టీ నెలల తరబడి ఒంటి నూనె పీల్చుకుని ఉంటుంది. స్నానం చేయించి అదే పట్టీ మళ్ళీ కడితే వాసనను తిరిగి కట్టినట్టే. వారానికోసారి సబ్బు నీళ్ళలో ఉతకండి.

పంజాలు. వేళ్ళ సందుల్లో బొచ్చు తుప్పురంగుకు తిరిగితే వాడు విడవకుండా నాకుతున్నాడని గుర్తు. తరచూ దాని వెనక అలర్జీ, ఈస్ట్ ఉంటాయి. బయటికి వెళ్ళొచ్చాక తుడవడంతో సరిపెట్టకండి, సందులు ఆరాలి.

తోక కింద. నీచు కంపు ఉన్నట్టుండి వచ్చి పోతుంటే, పిర్రలు నేలకేసి ఈడుస్తుంటే, మలద్వారానికి రెండు పక్కలా ఉండే యానల్ గ్లాండ్స్ సంగతి. అవి పూడుకుపోయాయని తేలితేనే డాక్టరు చేత ఖాళీ చేయించండి. ఏ ఇబ్బందీ లేకుండా స్నానం చేయించినప్పుడల్లా పిండించడం వద్దు, ఒత్తిడికి వాపు వస్తుంది.

చంకలు, గజ్జలు. చర్మం జిడ్డుగా, మందంగా, నల్లగా మారుతుంటే అది చర్మ వ్యాధి. పరీక్షలో ఈస్ట్ అని తేలితే సాధారణంగా క్లోర్‌హెక్సిడిన్, మైకోనజోల్ కలిసిన షాంపూ ఇస్తారు. నురగ ఒంటి మీద గడియారం చూసి 10 నిమిషాలు ఉండాలి. రెండు నిమిషాల్లో కడిగేసి మందు పనిచేయలేదనుకునేవాళ్ళే ఎక్కువ.

దువ్వెన_చాలు:

చెవి_పంజా గారు చెప్పిన వరుస సరైనది. నేను బొచ్చు, స్నానం గురించి చెప్తాను.

లాబ్రడార్‌కి రెండు పొరల బొచ్చు. పైన బిరుసుగా, నీళ్ళు జారిపోయేలా ఉండేది ఒకటి. అడుగున మెత్తని ఊలు ఇంకొకటి. మూలల్లో ఉండలు కట్టేది ఎక్కువగా ఆ ఊలే. వయసైపోయిన వెంట్రుక ఎలాగూ ఊడుతుంది, దాన్ని ఆపలేం. అది దువ్వెనలోకి రావాలా, నేల మీదికి రావాలా అన్నదే మన చేతిలో ఉంది. వారానికోసారి దువ్వితే మిగతా ఆరు రోజుల బొచ్చు ఇంటిదే.

వారానికి మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి 10 నుంచి 15 నిమిషాలు. ఏడాదిలో రెండుసార్లు, పగటి పొద్దు మారే రోజుల్లో, ఊలు కుప్పలుగా ఊడుతుంది, అప్పుడు రోజూ దువ్వాలి. ఎప్పుడూ ఇంట్లో దీపాల వెలుతురులో ఉండే కుక్కలకు ఈ లెక్క కాస్త చెదిరి, ఏడాది పొడుగునా ఎంతో కొంత రాలుతూనే ఉంటుంది.

ముందు రబ్బరు బ్రష్‌తో గుండ్రంగా తిప్పుతూ రుద్దండి, ఊడిన ఊలు పైకి తేలుతుంది. తర్వాత అండర్‌కోట్ రేక్, అంటే ఎడం పళ్ళ దువ్వెన, బొచ్చు వాలుగా లాగండి. ఒక్కోచోట ఐదారు సార్లకు మించొద్దు. తొడల వెనక, మెడ చుట్టూ, తోక మొదట్లో ఎక్కువ వస్తుంది. చివర స్లికర్ బ్రష్ (సన్నని తీగ పళ్ళది) తేలిగ్గా. దాన్ని ముందు మీ మోచేతి లోపలివైపు గీసి చూసుకోండి. మీకు గుచ్చుకుంటే వాడికీ గుచ్చుకుంటుంది.

బ్లేడు అంచు ఉన్న డీషెడ్డింగ్ పరికరాలతో మాత్రం జాగ్రత్త. మొదటిరోజు గుట్టగా బొచ్చు వస్తుంటే ఆపబుద్ధి కాదు. కానీ ఊలు అయిపోయాక అది పైబొచ్చును తెంచుతుంది, చర్మాన్ని గీరుతుంది. వారానికి ఒక్కసారి, తేలికచేతితో, అంతే. పళ్ళలో బొచ్చు పల్చబడగానే ఆపేయండి. వచ్చిన వాటిలో తెగిన పొట్టి బిరుసు వెంట్రుకలు కనిపిస్తే అప్పటికే ఎక్కువైందని.

స్నానం. వారం వారం వద్దు. చర్మ వ్యాధి లేని కుక్కకు 4 నుంచి 6 వారాలకోసారి చాలు. పిల్లల షాంపూ కూడా మనిషి చర్మానికి చేసిందే. మన చర్మం పీహెచ్ 5.5 దగ్గర ఆమ్లంగా ఉంటుంది, కుక్కది తటస్థానికి దగ్గర. పదేపదే వాడితే చర్మం పొడిబారి, పొట్టు లేచి, దురద మొదలవుతుంది. గోకినకొద్దీ బొచ్చు ఊడుతుంది. మీ వారం స్నానమే మీ రెండో సమస్యకు కొంత కారణం కావచ్చు.

నీళ్ళకు ముందే దువ్వేయాలి. తడిసిన ఊలు పాయలు కట్టి షాంపూను చర్మం దాకా పోనివ్వదు. గోరువెచ్చని నీళ్ళు వేళ్ళతో పాయలు తీస్తూ చర్మం తడిసేదాకా పోయండి. లాబ్రడార్ పైబొచ్చు మీద నీళ్ళు జారుతుంటే తడిసినట్టే ఉంటుంది, లోపల పొడిగానే ఉంటుంది. మామూలు షాంపూని, సీసా మీద వేరే కొలత లేకపోతే, పది వంతుల నీళ్ళలో కలిపి వాడితే సమంగా పరుచుకుంటుంది, త్వరగా వదులుతుంది. మందు షాంపూని పలచన చేయకండి. ఇక రుద్దినదానికి రెట్టింపు సేపు కడగాలి. వేళ్ళ మధ్య బొచ్చు జారకుండా కిర్రుమంటే షాంపూ వదిలినట్టు.

మీ మూడో రోజు వాసనకు నా మొదటి అనుమానం ఆరబెట్టడం మీద. తువ్వాలుతో రుద్దకుండా అద్ది అద్ది నీళ్ళు తీయండి. తర్వాత బ్లోయర్, వేడి తక్కువలో, గాలి ఎక్కువలో. పైన చేయి పెట్టి పొడిగా ఉందని ఆపకండి. గాలి ఒకేచోట సూటిగా కొట్టించండి, బొచ్చు పువ్వులా విచ్చుకుని అడుగున చర్మం బయటపడుతుంది. ఊలు విడివిడిగా పొగలా ఎగురుతుంటే ఆరినట్టు. నాలుగైదు వెంట్రుకలు కలిసి సన్నని సూదుల్లా అంటుకుని ఉంటే ఇంకా తడే. ఆ తడిలోనే సూక్ష్మజీవులు పెరుగుతాయి, తడి కుక్క వాసన వాటి నుంచే. వేసవిలో అదే తడి కింద హాట్ స్పాట్ అనే పుండు ఒక్క పూటలో లేస్తుంది.

మిషన్‌తో తీయించొద్దు. రాలే వెంట్రుకల లెక్క మారదు, పొడవు తగ్గుతుందంతే. ఆ పొట్టి ముక్కలు సోఫా గుడ్డలో ముళ్ళలా దిగి ఇంకా మొండిగా కూర్చుంటాయి. ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది, రెండు పొరల కుక్కల్లో తిరిగి బొచ్చు మచ్చలు మచ్చలుగా రావడమూ ఉంది. పంజా మెత్తల సందుల్లో, తోక కింద కత్తిరిస్తే చాలు.

మూలమూలా_తుడుపు:

ఇంటి సంగతికి వద్దాం. ముందుగా ఆ సోఫా కాలు. వాన రోజున వాసన లేస్తోందని రాశారు కదా, అదే అసలు గుర్తు. ఎండిన ఉచ్చలో యూరిక్ ఆమ్లపు లవణాలు మిగులుతాయి. అవి నీళ్ళలో సరిగ్గా కరగవు, సబ్బుకు లొంగవు. గాలిలో తేమ పెరగ్గానే మళ్ళీ వాసన లేస్తుంది. ఎన్నేళ్ళయినా ఇంతే.

చీకట్లో యూవీ టార్చ్ వేసి చూడండి. పాత మరకలు పసుపుపచ్చగా మెరుస్తాయి. కొన్ని సబ్బు మరకలూ మెరుస్తాయి కాబట్టి ముక్కుతో నిర్ధారించుకోండి. అంచుల వెంట సుద్దతో గీత గీసుకుని లైటు వేయండి. ముందు మామూలు నీళ్ళతో రెండుసార్లు తుడవాలి, పాత ఫినాయిల్, స్ప్రే అవశేషం ఉంటే తర్వాత పోసే ఎంజైమ్ క్లీనర్‌ను (మరకలోని పదార్థాలను విడగొట్టే ద్రావణం) పనిచేయనివ్వదు. తర్వాత ఎంజైమ్ క్లీనర్‌ని గీత దాటి నాలుగు వేళ్ళ మేర, ఉచ్చ ఎంత లోతు ఇంకిందో అంత లోతు తడిసేలా పోయాలి. పైపైన చల్లితే అడుగున ఉన్నది అలాగే ఉంటుంది. పాత మరకకు పది నిమిషాలు చాలవు. మీద ప్లాస్టిక్ కాగితం కప్పి రాత్రంతా తడిగా ఉంచి, తెల్లారి తీసి ఆరనివ్వండి. ఆరేటప్పుడు వాసన కాస్త పెరగొచ్చు, కంగారు పడొద్దు. పూర్తిగా ఆరాకే ఫలితం తెలుస్తుంది, మిగిలి ఉంటే రెండోసారి చేయండి. ఆ చోట ఆవిరి యంత్రం వాడకండి, వేడికి మరక గుడ్డలో పాతుకుపోతుంది. బ్లీచ్ అసలే వద్దు, ఉచ్చలోని అమోనియాతో కలిస్తే ఊపిరితిత్తులను కాల్చే వాయువు పుడుతుంది.

సోఫా కాలు రంగు వేయని చెక్క అయితే అదీ పీల్చుకునే ఉంటుంది. కాలు విప్పి, ఎంజైముతో నానబెట్టి, బాగా ఆరాక వార్నిష్ వేయాల్సి రావచ్చు.

పరుపు. ఎండ తేమను తీస్తుంది, నూనెను తీయదు. విప్పే కవర్లు రెండు పెట్టుకుని వారానికొకటి మార్చండి. లేబుల్ ఒప్పుకుంటే 60 డిగ్రీల సెల్సియస్‌లో ఉతకండి. మెషిన్‌లో వేసేముందు పొడిగా ఉండగానే దులిపి, రబ్బరు చేతి తొడుగుతో బొచ్చు లాగేయాలి. తడిస్తే అది గుడ్డకు అంటుకుంటుంది, ఫిల్టర్‌లో తాడులా పేనుకుని నీళ్ళు పోనివ్వదు. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయొద్దు, దాని పూత కింద పాత నూనె వాసన నిలిచిపోతుంది. లోపలి ఫోమే వాసన కొడుతుంటే దాన్ని మార్చడమే. కొత్త ఫోముకు మొదటిరోజే నీళ్ళు దిగని తొడుగు వేయండి.

నేల. పొడి చీపురుతో ఊడిస్తే ఊలు గాలిలోకి లేచి, మీరు వెళ్ళాక దిగుతుంది. మీ గంట లెక్క అదే. రబ్బరు పళ్ళ చీపురు, లేదా కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్ మాపు వాడండి. వాక్యూమ్ ఉంటే మోటారుతో తిరిగే బ్రష్ ఉన్న తల వాడండి. రోలర్‌కి చుట్టుకున్న బొచ్చును వారానికోసారి కత్తెరతో పొడుగునా తెంచి తీయకపోతే బేరింగులు వేడెక్కుతాయి. డబ్బా ప్రతిసారీ ఖాళీ చేయాలి. ఉతికే ఫిల్టర్ అయితే కడిగాక 24 గంటలు ఆరాలి. తడి ఫిల్టర్‌తో నడిపితే ఇల్లంతా ముక్కిన వాసన చిమ్ముతుంది.

ఫినాయిల్ మానేయండి. అది వాసన మీద వాసన వేయడమే, పైగా నేల మీది మందు పంజాలకు అంటి, నాకుడుతో కడుపులోకి పోతుంది. ఘాటులేని సబ్బు ద్రావణం చాలు. ఆరేదాకా వాణ్ణి రానివ్వకండి.

సోఫాకైతే, చేతికి తొడుక్కునే రబ్బరు గ్లవ్ కాస్త తడిపి, ఒకేవైపుకి లాగండి. ముందుకీ వెనక్కీ రుద్దితే చుట్టుకున్న బొచ్చు మళ్ళీ పరుచుకుంటుంది.

కొత్తపిల్ల_ఇల్లు:

ఉచ్చ మరకకు ఎంజైమ్ క్లీనర్ బదులు బేకింగ్ సోడా, వెనిగర్ కలిపి పోస్తే సరిపోతుంది కదా? బుసబుస పొంగుతుంది, బాగా శుభ్రం చేస్తుందని చదివాను.

మూలమూలా_తుడుపు:

ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్ అండీ. క్షారం, ఆమ్లం ఒకదాన్నొకటి కొట్టేసుకుని చివరికి మిగిలేది ఉప్పు నీళ్ళ లాంటిదే. విడివిడిగా ఐతే దేని పని దానికుంది. సగం వెనిగర్, సగం నీళ్ళు కలిపి తాజా ఉచ్చ మీద తుడిస్తే అమోనియా వాసన తగ్గుతుంది. పాత మరకలోని యూరిక్ లవణాలను అది విడగొట్టలేదు. పాలరాయి, సున్నపురాయి నేలల మీద వెనిగర్ పోయకండి, మెరుపు తినేస్తుంది. బేకింగ్ సోడాను పొడి కార్పెట్ మీద పల్చగా జల్లి గంటసేపు ఉంచి వాక్యూమ్ చేయొచ్చు, కుక్కను అప్పటిదాకా బయటే ఉంచాలి. ఆ సన్నపొడి ఫిల్టర్‌ను త్వరగా మూసేస్తుంది, వెంటనే దులపండి.

నల్లముక్కు:

అందరికీ ధన్యవాదాలు. చూశాను. ఎడమ చెవిలో గోధుమరంగు గులిమి, పులిసిన వాసన ఉంది, కుడి చెవి బాగుంది. మెడ పట్టీ కూడా దారుణం. బ్లోయర్ పెట్టి చూస్తే స్నానమైన మూడు గంటలకు కూడా తొడల వెనక ఊలు సూదుల్లాగే ఉంది. మూడు సందేహాలు: డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు చెవి శుభ్రం చేయొచ్చా? చేప నూనె ఇస్తే బొచ్చు రాలడం తగ్గుతుందా? ఎయిర్ ప్యూరిఫయర్ కొనమంటారా?

చెవి_పంజా:

చేయకండి. ఆ గులిమినే కొంచెం తీసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఈస్టా, బ్యాక్టీరియానా, చెవి పురుగులా అన్నదాన్ని బట్టి చుక్కల మందు మారుతుంది. ముందే కడిగేస్తే ఏమీ దొరకకపోవచ్చు. మందు మొదలుపెట్టిన మూడో రోజుకు వాసన పోతుంది, అక్కడే చాలామంది ఆపేస్తారు, నెలలోపు తిరగబెడుతుంది. చెప్పినన్ని రోజులూ వేసి, మళ్ళీ చూపించి, లోపల శుభ్రపడిందని తేలాకే ఆపండి. ఏడాదిలో రెండు మూడుసార్లు ఇలాగే వస్తే అలర్జీ సంగతి అడగండి, ఒట్టి చెవి మందుతో అది తీరదు.

దువ్వెన_చాలు:

చేప నూనె చర్మం పొడిబారిన కుక్కకు మేలు చేస్తుంది. ఫలితం తెలియడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. సీసా మీద మొత్తం నూనె కాదు, అందులోని ఒమేగా-3 కొవ్వులు ఈపీఏ, డీహెచ్ఏ ఎన్ని మిల్లీగ్రాములో చూసి, బరువు చెప్పి డాక్టరు చేత మోతాదు రాయించుకోండి. ఎక్కువైతే విరేచనాలు. తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టాలి, చేదెక్కిన నూనె మేలు కన్నా కీడే చేస్తుంది. కాలానికి ఊడే ఊలును మాత్రం ఏ నూనె ఆపదు.

రాలడానికీ జబ్బుకూ తేడా ఇది: ఎంత రాలినా చర్మం కనిపించకపోతే అది మామూలే. బోడి మచ్చలు, రెండు పక్కలా ఒకేలా పల్చబడటం, పొట్టు, ఎర్రదనం, విడవని గోకుడు ఉంటే పరీక్ష కావాలి. గుండ్రని మచ్చ అయితే తామర కావచ్చు, అది ఇంట్లోవాళ్ళకూ అంటుతుంది. గోకుతున్నాడంటే తెల్ల కాగితం తడిపి దాని మీద నడుము దగ్గరి బొచ్చు దువ్వండి. రాలిన నల్ల నలుసుల చుట్టూ ఎర్రటి మరక పాకితే అది మట్టి కాదు, ఫ్లీస్ అనే పురుగులు తాగి విసర్జించిన రక్తం.

మూలమూలా_తుడుపు:

ప్యూరిఫయర్ చివర్లో. హెపా ఫిల్టర్ గాలిలో తేలే ఊలు నలుసును, పొట్టును పడుతుంది. నేల మీద పడ్డ వెంట్రుకను పట్టదు. వాసన వాయువు కాబట్టి హెపాలోంచి దూరిపోతుంది, దానికి యాక్టివేటెడ్ కార్బన్ కావాలి. రేకులా పల్చని కార్బన్ జల్లెడ ఉన్నవి కొద్ది వారాల్లో నిండిపోతాయి, గింజల రూపంలో బరువుగా ఉన్న కార్బన్ చూసుకోండి. సీఏడీఆర్ అంకె (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పేది) గది చదరపు అడుగుల్లో కనీసం మూడింట రెండు వంతులు ఉండాలి: 180 చదరపు అడుగుల గదికి 120. ఓజోన్ వదిలే రకాలు కుక్క ఉన్న గదిలో పెట్టొద్దు. ప్యూరిఫయర్ ముందువైపు జల్లెడకు అంటుకున్న బొచ్చు వారం వారం తీయకపోతే గాలి సగం కూడా రాదు. ఏసీ ఉంటే దాని జాలీ కూడా రెండు వారాలకోసారి విప్పి కడగండి. తడి కాయిల్‌కు పట్టిన ఊలు కూడా ముక్కిన వాసనే వేస్తుంది, ఆ నింద కుక్క మీద పడుతుంది.